లేఖిని కథ, మన సావనీర్ సీడీ కథ



పోయిన ఆదివారం మీటింగుకు రానివాళ్ల కోసం ముందు జరిగింది చెబుతాను. సంఘం బీరువా సర్దుతుంటే 2001లో మనం వేసిన సావనీర్ సీడీ ఒకటి దొరికింది. పుస్తకం కాపీలు ఎవరి దగ్గరా లేవనుకుంటున్న రోజుల్లో సీడీ దొరికిందంటే లంకెబిందెలు దొరికినట్టే అనుకున్నాం. మన కుర్రాడొకడు ఇంటికెళ్లి సీడీ డ్రైవు తెచ్చి లాప్‌టాప్‌కు తగిలించాడు. ఫైలు తెరుచుకుంది, తెలుగు మాత్రం రాలేదు. స్క్రీను నిండా ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, కామాలు, ఎక్కడివో యూరపు అక్షరాల మీది చుక్కలు. "అంకుల్, ఇది వైరస్సా?" అని అడిగాడు పిల్లవాడు.

వైరస్ కాదు. అందులో పవర్ స్టేషన్ మొదటి యూనిట్ 1985లో నడవడం మొదలైన కాలంలో ఈ ఊరికి వచ్చిన మన పెద్దలు రాసుకున్న జ్ఞాపకాలున్నాయి. వాళ్లలో సగం మంది ఇప్పుడు లేరు. వాళ్ల మాటలు ఆ సీడీలో భద్రంగానే ఉన్నాయి, కానీ చదివే దారి మూసుకుపోయింది. అదెలా మూసుకుపోయింది, మళ్లీ తెరవొచ్చా అని మీటింగులో అందరూ నన్నే అడిగారు. నిలబడి రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదని ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగు అవుతుంది, ఓపిక పట్టండి.

రైల్వేలో పనిచేసినవాణ్ని కాబట్టి నాకు తెలిసిన పోలికే చెబుతాను. గుంతకల్లులో ఒకప్పుడు బ్రాడ్‌గేజి, మీటర్‌గేజి రెండూ ఉండేవి. ఒక గేజి మీద వచ్చిన వ్యాగను రెండో గేజి మీద కదలదు. మూటలు దించాలి, మోయాలి, ఇంకో వ్యాగనులోకి ఎక్కించాలి. సరుకు అదే, పట్టాల వెడల్పు వేరు, అంతే. యూనికోడ్ వాడకంలోకి రాకముందు తెలుగు ఫాంట్లది ఇదే గొడవ. కంప్యూటరుకు అప్పట్లో తెలిసినవి 256 గళ్లు. అందులో ఇంగ్లీషు అక్షరాలు కూర్చునే గళ్లలోనే ఫాంటు తయారుచేసినవాడు తెలుగు బొమ్మలు కూర్చోబెట్టేవాడు. ఒకడు క పెట్టిన గడిలో ఇంకొకడు మ పెట్టేవాడు. తలకట్టుకొక గడి, వత్తుకొక గడి, కొమ్ముకొక గడి. ఏ పత్రిక ఫాంటు దానిదే, ఏ డీటీపీ ప్యాకేజీ గేజి దానిదే. ఆ ఫాంటు ఉన్న మిషనులో చూస్తే తెలుగు. లేకపోతే మన సీడీలో కనిపించినట్టే.

యూనికోడ్ చేసిన పని అన్ని భాషల అక్షరాలకూ తలా ఒక సొంత నంబరు ఇవ్వడం. తెలుగుకు 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే చోటు దొరికింది. భారత ప్రభుత్వం అంతకు ముందే ఇస్కీ అని ఒక ప్రమాణం తయారుచేసింది, 1988 నాటి ఆ వరసనే యూనికోడ్ వాళ్లు తీసుకున్నారు. ఇక్కడ ఒక చిత్రం ఉంది. నాలాగా ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఊళ్లో కన్నడం అయిన వాడికి అది చూస్తే సంతోషం. తమిళం 2944 నంబరు దగ్గర మొదలవుతుంది, తెలుగు 3072 దగ్గర, కన్నడం 3200 దగ్గర. మూడూ పక్కపక్క ఇళ్లు, ఒక్కో ఇంటికి 128 గదులు. తమిళ క 2965, తెలుగు క 3093, కన్నడ క 3221. 128 కలుపుకుంటూ పోతే చాలు. ఇంకా చిత్రం, తెలుగులో ఖ, గ, ఘ కూర్చున్న మూడు గదులు తమిళం ఇంట్లో ఖాళీ. ఆ అక్షరాలు తమిళంలో లేవు మరి. నేను పాత పెట్టెలో మిగిలిపోయిన రిజర్వేషన్ చార్టు చూసినట్టు చూశాను ఆ పట్టికను. ఖాళీ బెర్తులు కూడా అలాగే అట్టిపెట్టారు.

నంబర్లు ఇచ్చారు, సరే. కానీ ఆ నంబరు కంప్యూటరులోకి ఎక్కించేదెలా? కీబోర్డు మీద ఉన్నది ఇంగ్లీషు. ఇన్‌స్క్రిప్ట్ అని ప్రభుత్వం 1986లోనే ఒక కీబోర్డు అమరిక ఖాయం చేసింది. ఏ భారతీయ లిపికైనా ఒకే అమరిక, మంచిదే. కానీ అది నేర్చుకోవాలి, చేతికి అలవాటు చేసుకోవాలి. ఆఫీసులో టైపిస్టు నేర్చుకుంటాడు, జీతం వస్తుంది కాబట్టి. ఇంట్లో కూర్చుని తమ్ముడికి ఉత్తరం రాద్దామనుకున్నవాడు నేర్చుకోడు. చాలామంది అక్కడే ఆగిపోయారు.

దారి వేరే చోటు నుంచి వచ్చింది. 1990ల మొదట్లో అమెరికాలో హ్యూస్టన్ నగరంలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ గార్లు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఒక పద్ధతి కట్టారు. దాన్ని ఆర్‌టీఎస్ అంటారు. పలికినట్టు రాయడమే. చిన్న టీ కొడితే త, పెద్ద టీ కొడితే ట. చిన్న ఎల్ కొడితే ల, పెద్ద ఎల్ కొడితే ళ. కే పక్కన హెచ్ పెడితే ఖ. దూరదేశాల్లో ఉన్న తెలుగువాళ్లు కంప్యూటరు ఉత్తరాల్లో పద్యాలు పంచుకోవడానికీ, వాదించుకోవడానికీ వాడిన పద్ధతి ఇది. తెలుగువాడు ఎక్కడ పోగైనా వాదన ఉండాలి కదా, మన మీటింగులే సాక్ష్యం.

ఆ తరువాత పేరు వెన్న నాగార్జున గారిది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది, మొదలుపెట్టింది ఆయనే. మొదటి ఏడాదిన్నర అది పెద్దగా కదలలేదు, 2005 నుంచి ఊపందుకుంది. ఆయనే పద్మ అనే సాఫ్ట్‌వేర్ రాశారు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు తగిలించుకునే చిన్న పనిముట్టు అది. ఒక్కో పత్రిక ఫాంటుకు ఒక్కో పట్టిక పెట్టుకుని, ఈ గడిలో ఉన్నది ఈ అక్షరం అని చూసుకుంటూ ఆ పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చేది. గుంతకల్లు ట్రాన్స్‌షిప్‌మెంట్ షెడ్డు అనుకోండి, కూలీలు లేరు అంతే. ఆర్‌టీఎస్‌లో కొట్టినదాన్ని తెలుగు చేసే యంత్రం కూడా అందులో ఉంది. అన్నిటికంటే ముఖ్యం, దాని లోపలి రాత, అంటే సోర్స్ కోడ్, ఎవరైనా చూడొచ్చు, తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఓపెన్ సోర్స్ అంటే ఇదే. ఉచితం అనేది వేరే మాట. మన పక్క కన్నడంవాళ్లకు 1998లోనే బరహ వచ్చింది. శేషాద్రివాసు గారు చేసింది, బ్రహ్మాండమైన పనిముట్టు, తెలుగువాళ్లు కూడా చాలామంది దానితోనే రాశారు. కానీ లోపలి రాత బయట పెట్టలేదు. హోటల్లో భోజనం ఉచితంగా పెట్టడం వేరు, వంట ఎలా చేశారో చెప్పి గరిటె చేతికివ్వడం వేరు.

గరిటె చేతికిచ్చారు కాబట్టే లేఖిని వచ్చింది. 2006లో వీవెన్ గారు పద్మ యంత్రాన్ని తీసుకుని దాని చుట్టూ ఒక పలక కట్టారు. టెక్స్ట్ ఎడిటర్ అంటారు దాన్ని. ఎడిటర్ అంటే పేపరు ఆఫీసులో కూర్చునే ఎడిటర్ కాదు, అక్షరాలు కొట్టి దిద్దుకునే పలక. రెండు పెట్టెలు, అంతే. పై పెట్టెలో ఇంగ్లీషు అక్షరాలతో కొడుతుంటే కింది పెట్టెలో తెలుగు వస్తుంటుంది. ఏమీ ఎక్కించుకోనక్కర్లేదు, బ్రౌజరులో తెరిస్తే చాలు. ఇంటర్నెట్ సెంటరులో గంటకింత అని కట్టి కూర్చున్నవాడు కూడా రాయగలడు. రాసింది అక్కడి నుంచి కాపీ చేసి ఎక్కడ కావాలంటే అక్కడ అతికించుకోవచ్చు.

నేను మొదటిసారి అందులో కొట్టిన మాట అమ్మ. కొట్టగానే కింద అమ్మ అని వచ్చింది. చిన్న విషయమే. కానీ మాది తమిళ మీడియం చదువు. తెలుగు అక్షరాలు నేను నేర్చుకున్నది ఉద్యోగంలో చేరాక, స్టేషను బోర్డులు, ప్లాట్‌ఫారం మీద కొన్న పేపర్లు చదివి. చదవడం వచ్చింది, రాయడం సరిగా రాలేదు. ముఖ్యంగా ఒత్తు అక్షరాలు. తమిళంలో క ఒక్కటే, చోటును బట్టి పలకడం మారుతుంది. అందుకని నా చేతికి భ, ధ, ఘ రావు. బోజనం అని రాసేవాణ్ని, దనం అని రాసేవాణ్ని. చేత్తో రాస్తే ఎవరూ చెప్పరు, మర్యాదకు ఊరుకుంటారు. లేఖినిలో భ కావాలంటే హెచ్ కొట్టాలి, కొట్టాలా వద్దా అని ప్రతిసారీ ఆగి ఆలోచించాలి. అరవై ఏళ్లు దగ్గరపడ్డాక నాకు ఒత్తులు నేర్పింది ఆ రెండు పెట్టెలే. ఇప్పటికీ ఎక్కడైనా తప్పు దొర్లితే మన్నించి కామెంట్లో చెప్పండి, ఊరుకోకండి.

తమిళం వైపు కూడా ఇలాంటి కథ ఉందని చెప్పకపోతే నా బడికి ద్రోహం చేసినట్టు. 1999 ఫిబ్రవరిలో చెన్నైలో తమిళ్‌నెట్ 99 అని సభ పెట్టి కీబోర్డు అమరిక ఒకటి ఖాయం చేసుకున్నారు. తరువాత ఒక స్వచ్ఛంద బృందం ఇ-కలప్పై అని పనిముట్టు తెచ్చింది. కలప్పై అంటే నాగలి. పేరు పెట్టడంలో వాళ్లది పైచేయి అని ఒప్పుకుంటాను, కానీ లేఖిని మాత్రం తక్కువదా?

ఇక నేను అసలు చెప్పదలచిన సంగతి. పనిముట్టు తయారుచేసి ఊరుకుంటే జనం రారు. మన రైల్వేలో ఎన్నో మంచి యంత్రాలు అట్టపెట్టెలోనే తుప్పుపట్టాయి. తెలుగువాళ్లు ఏం చేశారంటే, కొత్తవాడిని చేయిపట్టుకుని లోపలికి తీసుకొచ్చారు. హైదరాబాదు యూసుఫ్‌గూడలో కృష్ణకాంత్ పార్కు ఉంది. అక్కడ నెలకొకసారి ఆదివారం కొంతమంది చెట్టు కింద కలిసేవాళ్లు. బ్లాగులు రాసేవాళ్లు, వికీపీడియాలో రాసేవాళ్లు, ఏమీ రాయని వాళ్లు. వాళ్లలోంచే ఈ-తెలుగు అనే సంఘం పుట్టింది, 2008లో నమోదైంది. హైదరాబాదు పుస్తక ప్రదర్శనలో స్టాలు పెట్టేవాళ్లు. పుస్తకాల మధ్య కంప్యూటరు పెట్టుకుని, ఆగినవాళ్లకల్లా కంప్యూటరులో తెలుగు కనబడుతుంది, తెలుగులో రాయొచ్చు అని చూపించేవాళ్లు, కరపత్రాలు ఇచ్చేవాళ్లు. ఇదీ ఒక పనేనా అని ఇప్పటి పిల్లలకు అనిపిస్తుంది. అప్పుడు అది చూసి నమ్మనివాళ్లు ఎక్కువ.

పుస్తకాల కోసం వచ్చిన మనిషికి యూనికోడ్ చరిత్ర చెబితే వెళ్లిపోతాడు. నీ పేరు కొట్టు అంటే కొడతాడు. పేరు తెలుగులో కనబడ్డాక రెండో మాట అడుగుతాడు. వికీపీడియాలో కూడా అంతే, కొత్తగా చేరినవాడి పేజీలో ఎవరో ఒకరు స్వాగతం అని రాసి, ఏం చేయొచ్చో చెప్పే లింకులు ఇస్తారు. కొత్తగా పోస్టింగ్ వచ్చిన క్లర్కుకు స్టేషనులో ఎవరైనా టీ ఇప్పించి ఫలానా రిజిస్టరు ఇక్కడుంటుంది అని చూపిస్తే ఎంత ధైర్యమో, చేసినవాళ్లకు తెలుసు. నాకు మొదటి పోస్టింగులో అది జరగలేదు, అందుకే గుర్తుంది.

ప్రపంచంలో పెద్ద ఎడిటర్ల కథ చూసినా ఇదే కనబడుతుంది. విమ్ అని ఒకటుంది, ప్రోగ్రాములు రాసేవాళ్లు వాడతారు. బ్రామ్ మోలెనార్ అనే నెదర్లాండ్స్ ఆయన 1991లో విడుదల చేశారు. అది 1976లో బిల్ జాయ్ రాసిన వీఐ అనే ఎడిటర్ బాటలో వచ్చింది. కొత్తవాడికి మహా కష్టం, లోపలికి వెళితే బయటికి రావడం తెలియదని దాని మీద జోకులు. అందుకని దానితో పాటే ఒక పాఠం ఇస్తారు, విమ్‌ట్యూటర్ అని. అమెరికాలో కొలరాడో గనుల కాలేజీవాళ్లు ఇద్దరు రాసిన పాఠాన్ని బ్రామ్ గారు విమ్‌కు సరిపడేలా మార్చుకున్నారు. ఆ పాఠం చదవడానికి కాదు, దిద్దడానికి. ఈ వాక్యంలో తప్పక్షరం ఉంది, తీసెయ్ అని అందులోనే రాసి ఉంటుంది. తీసేస్తే నేర్చుకున్నట్టే. అరగంట పని. ఈ ఎడిటర్ తెరవగానే ఉగాండాలోని పేద పిల్లలకు సాయం చేయండి అనే మాట కనబడుతుంది. బ్రామ్ గారు 1994లో ఉగాండాలోని కిబాలే అనే చోట పిల్లల కేంద్రంలో నీళ్ల పనులు చూడడానికి వెళ్లి వచ్చారు. ఎడిటర్‌కు వెల వద్దు, ఇవ్వాలనుకుంటే ఆ పిల్లలకు ఇవ్వండి అన్నారు. 2023 ఆగస్టు 3న ఆయన పోయారు. విమ్ మాత్రం ఆగలేదు. ఏళ్ల తరబడి పక్కన పనిచేసినవాళ్లు పగ్గాలు పట్టుకున్నారు. వాళ్లందరూ ఒకప్పుడు కొత్తవాళ్లే.

ఈమాక్స్ అని ఇంకొకటి, రిచర్డ్ స్టాల్‌మన్ గారిది. గ్నూ ఈమాక్స్ 1985 నుంచి ఉంది. దానిలో హలో అనే ఒక ఫైలు ఉంటుంది, ప్రపంచ భాషల్లో పలకరింపులన్నీ వరసగా. అందులో తెలుగు పేరుకు ఎదురుగా నమస్కారం అని ఉంది. ఎవరో ఒకరు పూనుకుని రాసి ఉండకపోతే అది ఉండేది కాదు.

ఉండకపోతే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో చూశాం. జ్ఞా అనే ఒక్క తెలుగు అక్షరం వాట్సాప్‌లో వస్తే ఐఫోన్లు కుప్పకూలాయి. ప్రపంచమంతా నవ్వుకుంది, మనవాళ్లు కూడా తెలుగు అక్షరం పవర్ చూశారా అని మీసాలు తిప్పారు. నేను నవ్వలేకపోయాను. జ్ఞానంలోని జ్ఞా అది. అంత మామూలు అక్షరాన్ని ఆ ఫోను విడుదలకు ముందు ఎవరూ సరిగ్గా పరీక్షించలేదన్న మాటేగా? యాపిల్‌వాళ్లు కొద్ది రోజుల్లోనే సరిచేశారు, అది వేరే. మూసిన తలుపు వెనక ఉన్న సాఫ్ట్‌వేర్‌ను మనం సరిచేయలేం, వాళ్లు చేసేదాకా చూస్తూ కూర్చోవాలి.

ఇక మన సీడీ దగ్గరికి వద్దాం. టైపు చేసిన షాపు ఇప్పుడు లేదు, వాళ్లు వాడిన ఫాంటు పేరు కూడా ఫైలులో సగమే తెలుస్తోంది. అలాంటి ఫాంటు వెతికి పట్టుకున్నా ఈ కాలం కంప్యూటరులో పనిచేస్తుందో లేదో, పనిచేసినా ఆ పాఠం ఆ ఒక్క మిషనులోనే కనబడుతుంది. మనకు కావలసింది పట్టిక. ఏ గడిలో ఏ తెలుగు ముక్క ఉంది అనే పట్టిక. అది ఉంటే పద్మ పద్ధతిలోనే మొత్తం సావనీర్‌ను యూనికోడ్‌లోకి మార్చేయొచ్చు. ప్రోగ్రాము రాసే పని మన కుర్రాడు చూసుకుంటానన్నాడు, పద్మ లోపలి రాత చూసి పద్ధతి తెలుసుకున్నాడు కూడా. వాడు పుట్టింది ఇక్కడే, చదివింది కన్నడం, ఇంగ్లీషు. తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. పట్టిక వాడి వల్ల కాదు.

మీవల్ల అవుతుంది. ప్రోగ్రాము అక్షరం ముక్క రాకపోయినా పర్వాలేదు. అచ్చు పుస్తకం ఒక చేతిలో, స్క్రీను ఎదురుగా. అచ్చులో కృష్ణ అని ఉన్నచోట స్క్రీను మీద ఏ గుర్తులు ఉన్నాయో చూసి కాగితం మీద రాయాలి. కృ ఒకటి, ష్ణ ఒకటి. ఇలా ఒక రెండు వందల ముక్కలు ఉండొచ్చని నా అంచనా. నలుగురు కూర్చుంటే నాలుగు ఆదివారాలు. నది దాటితే కృష్ణ స్టేషను బోర్డు మీద తెలుగు కనబడుతుంది, ఇవతల రాయచూరు బోర్డు మీద ఉండదు. అది ఎవరి తప్పూ కాదు, 1956లో గీత అలా పడింది. అందుకే ఇవతల ఉన్న మన తెలుగును మనమే చూసుకోవాలి, పెద్దవాళ్లు ఉన్నప్పుడే.

పట్టిక తయారయ్యాక దాన్ని బీరువాలో పెట్టొద్దని నా కోరిక. అందరికీ తెరిచి పెడదాం. అదే ఫాంటులో చిక్కుకున్న సావనీర్లు, పెళ్లి పుస్తకాలు, గుడి చరిత్రలు ఇంకా ఎన్ని ఊళ్లలో ఉన్నాయో.

ఇప్పుడు కావలసింది అచ్చు కాపీ. ఒక్కటి చాలు, అట్ట లేకపోయినా సరే, చెదలు కొంచెం తిన్నా సరే. అటకల మీద, పాత సూట్‌కేసుల్లో, దేవుడి గది పైన చూడండి. పసుపు రంగు అట్ట, మీద సూగూరేశ్వర స్వామి గుడి గోపురం బొమ్మ. దొరికినవాళ్లు నాకు మెసేజ్ పెట్టండి, నేనే ఇంటికి వచ్చి తీసుకుంటాను, పని అయ్యాక భద్రంగా తిరిగిస్తాను. వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు సంఘం హాల్లో కూర్చుందాం. కళ్లజోడు తెచ్చుకోవడం మరవకండి, అక్షరాలు చిన్నవి.